బండల కూత

నాలుగో గ్యాలరీ, మరమ్మతుల గది. రాసేది ఓదెలు.

పై తలుపు మూసి 71వ రోజు

పొద్దున రెండో ఫ్యాను బేరింగుకు గ్రీజు పెట్టాను. డబ్బాలో గ్రీజు అడుగంటింది, రేపటి నుంచి వంటనూనె కలిపి సర్దుకోవాలి. తలదీపాలు పదకొండు వస్తే తొమ్మిది బాగయ్యాయి. మిగిలిన రెండింటికి బ్యాటరీలు లేవు. వంటగది గంట మోగడం లేదని మూడు రోజులుగా చెబుతున్నారు, ఇవాళ కూడా వెళ్లలేకపోయాను. గ్యాలరీ బాగోగులు చూసే భూమేశ్ సారు ఆరు ఇనుప గుంజలు కోసి ఇమ్మన్నాడు. కప్పు కింద ఆసరాగా నిలబెట్టడానికి. పోయిన నెల మొత్తం మీద రెండే అడిగాడు.

బువ్వ తింటుంటే ఐలవ్వ వచ్చింది. గోడ వెంట కట్టిన తాడు పట్టుకుని, రెండో చేతిలో కర్రతో.

“ఓదెలూ, ఉన్నవా బిడ్డా?”

“ఉన్న అవ్వా. యాడికి పోత.”

కొంగు ముడి విప్పి ఆట డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. “దీని కూత పోయింది. మొన్నటిదాంక గరగర అన్నది. ఇయ్యాల సప్పుడే లేదు.”

ఈ డబ్బా నాకు తెలిసిందే. అరచేతి కంటే కొంచెం పెద్దది, బూడిద రంగు ప్లాస్టిక్కు, నాలుగు బొత్తాలు, వెనక క్యాసెట్ పెట్టే గాడి. ఐలవ్వ తల్లి చిన్నప్పుడు ఎవరో దుబాయి నుంచి తెచ్చిచ్చారట. అంటే ఎనభై ఏళ్లకు తక్కువ ఉండదు. తెర ఆరేళ్ల కిందటే నల్లబడిపోయింది. మారుస్తానంటే “నాకెందుకు తెర” అంది. నిజమే, ఆమెకు చూపు లేదు. తొమ్మిదేళ్ల కిందట పైన సోలార్ పలకలు తుడిచే పనిలో ఎండ కొట్టి కళ్లు పోయాయి.

ఆడేది ఒకటే ఆట. నదిలో పడవ. కుడి పక్క బండ వస్తుంటే సన్నగా ఒక కూత, ఎడమ పక్క అయితే రెండు. సుడిగుండం వస్తే లావు గొంతుతో బుడబుడమంటుంది. ఆ కూతలను బట్టే ఐలవ్వ పదహారు మలుపులు దాటించి పడవను సముద్రంలో కలుపుతుంది. తెర కనబడే రోజుల్లో కూడా నేను అయిదో మలుపు దాటలేదు.

“నాలుగు రోజులు పడుతది అవ్వా. పని మస్తుగున్నది.”

“పట్టనియ్యి. నాకు తొందర లేదు” అంది గానీ, వెళ్లేముందు డబ్బా మీద రెండుసార్లు చెయ్యి వేసి చూసుకుంది.

72వ రోజు

నాలుగు రోజులన్నాను కానీ ఇవాళే విప్పాను. ఫ్యాన్లు, పంపులు ఎంత బాగు చేసినా రేపు మళ్లీ చెడిపోతాయి. దీన్ని విప్పితే కాస్త ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది.

లోపల తేమ. బోర్డు మీద నాలుగు కెపాసిటర్లు కారి, కాళ్ల దగ్గర పచ్చటి బూజులాంటిది కట్టింది. స్పీకరు అట్ట చిరిగి, తడికి మెత్తబడిపోయింది. హెడ్‌ఫోన్ సాకెట్‌లో రేకు వంగి ఉంది. అది వంగితే ఎవరో హెడ్‌ఫోన్ పెట్టారనుకుని డబ్బా స్పీకరును ఆపేస్తుంది. మొన్నటిదాకా గరగర, ఇప్పుడు మౌనం అంటే ఇదే.

రేకును సూదితో లేపాను. వాల్యూమ్ చక్రాన్ని స్పిరిట్‌తో కడిగాను. పచ్చ బూజును పాత పళ్ల బ్రష్‌తో గీకి, చచ్చిపోయిన ఫ్యాను బోర్డు నుంచి కెపాసిటర్లు పీకి అతికాను. స్పీకరు బదులు పాత గోడ ఫోనులోది పెట్టాను. స్విచ్చి వేయగానే పాట వచ్చింది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. రెండు నిమిషాలు అలా విన్నాను.

74వ రోజు

ఐలవ్వ వచ్చి డబ్బా తీసుకుంది. అప్పటికి పోశెట్టి కూడా ఇక్కడే ఉన్నాడు. నీళ్ల పంపు చూసేది అతనే. పని దిగి ఇంటికి వెళ్లేముందు రోజూ నా దగ్గర కూర్చుని చాయ్ తాగిపోతాడు. పదిహేనేళ్లుగా ఇదే అలవాటు.

ఐలవ్వ పాట విని నవ్వింది. “మంచిగైంది. నీ చేతికి పుణ్యముంటది.”

ఆమె వెళ్లాక పోశెట్టి గొంతు తగ్గించి, “బావా, నిన్న ఒక్కరోజే నాలుగు అర్రలకు గీత పెట్టింది. ఎరుకేనా?” అన్నాడు.

తెలుసు. గుంజలు కోసేది నేనే కదా.

మేముండేది మా తాతలు బొగ్గు తవ్వి వదిలేసిన గనిలో. నాలుగో గ్యాలరీలో కాపురాలుండే గదులు, అంటే అర్రలు, ఎనభై నాలుగు, మూడు వందల పన్నెండు మంది. ఎండలకు మూసిన పై తలుపు మళ్లీ వానలకే తెరుస్తారు. కప్పు కదలికలు చూసే యంత్రాలు నాలుగేళ్ల కిందటే ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. అప్పటి నుంచి పూర్తిగా ఐలవ్వ మీదే ఆధారం. రోజూ పొద్దున చివర ఇనుప పొన్ను ఉన్న కర్రతో కప్పును తట్టుకుంటూ పోతుంది. మంచి బండ అయితే ఖంగుమంటుంది. లోపల పగులుంటే డొల్లగా పలుకుతుంది. అలా పలికిన అర్ర తలుపు మీద ఎర్ర గీత పెడుతుంది. ఈ నాలుగేళ్లలో కప్పు రెండుసార్లు కూలింది. రెండూ ఆమె గీత పెట్టి ఖాళీ చేయించిన అర్రలే. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

అందుకే ఆమె గీత పెడితే ఎవరూ ఎందుకని అడగరు.

“గుట్ట కుంగుతున్నదంటున్నడు సారు” అన్నాడు పోశెట్టి.

“కుంగుతుందేమో” అన్నాను.

78వ రోజు

వంటగది గంట బాగు చేశాను. ఐలవ్వ డబ్బా తిరిగి తెచ్చింది.

“పాట వస్తున్నది. సుడిగుండం వస్తున్నది. బండల కూత వస్తలేదు ఓదెలు. రెండో మలుపుల్నే పడవ పలుగుతున్నది.”

ఆలోచిస్తే నాకు సబబుగానే అనిపించింది. గోడ ఫోను స్పీకరు మనిషి మాట కోసం చేసింది. అంత సన్నటి కూతను అది సరిగా పలికించలేకపోవచ్చు. నాకు వినబడుతోంది కానీ పలచగా ఉంది. వేరే స్పీకరు వెతుకుతానని చెప్పాను.

80వ రోజు

గుంజలు అయిపోయాయి. కోయడానికి ఇనుము లేదు. ఎర్ర గీతలు పందొమ్మిదికి చేరాయి. ఆ అర్రల్లోని వాళ్లు బడి గదిలో, వంటగది వెనక, నా గది బయట నడవలో పడుకుంటున్నారు. పొద్దున పనికి రావాలంటే మనుషుల మధ్య కాళ్లు పెట్టుకుంటూ రావాలి. ఒక ముసలాయన రోజూ నిద్రలేచి, దారిలో ఉన్నందుకు క్షమించమంటాడు. ఆయన ఏ తప్పూ చేయలేదు.

83వ రోజు

బడిలో పాత రేడియో ఉంది, స్టేషన్లు ఏవీ రావు. సునంద టీచరమ్మను అడిగితే స్పీకరు పీక్కోమంది. మంచి స్పీకరు. డబ్బాలో పట్టలేదు, వెనక మూత కోసి బయటికి అమర్చాను. బండ కూత గదంతా మోగింది. టీచరమ్మ మొహం చిట్లించి, “సూదితోటి పొడిసినట్టున్నది ఓదెలన్నా, జెర తగ్గించు” అంది.

సాయంత్రం ఐలవ్వ వచ్చి కూర్చుని ఆడింది. నేను పక్కనే నిలబడ్డాను. కూత వచ్చింది, కుడి పక్క బండ. ఐలవ్వ వేలు కదల్లేదు. పడవ పగిలిన చప్పుడు. మళ్లీ మొదలుపెట్టింది. కూత, కూత, ఎడమ పక్క. వేలు కదల్లేదు.

“వస్తలేదు బిడ్డా” అంది.

నా చెవుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఇరవై రెండేళ్లు ఫ్యాన్ల పక్కన పని చేశాను. కానీ టీచరమ్మ కూడా విన్నది.

“ఇంకొకటి సూస్త అవ్వా” అన్నాను.

84వ రోజు

ఎనిమిది తలదీపాలు. ఫ్యాను బేరింగు మళ్లీ. డబ్బా ముట్టుకోలేదు.

86వ రోజు

ఇది వివరంగా రాస్తున్నాను.

డబ్బా ఎంత వేగంతో నడవాలో చెప్పేది లోపల ఉండే క్రిస్టల్ అనే చిన్న రేకు బిళ్ల. దాన్ని తీసి నిదానంగా నడిచే ఇంకో బిళ్ల పెడితే ఆట మొత్తం నెమ్మదిస్తుంది. దాంతో పాటు ప్రతి శబ్దమూ కిందికి దిగుతుంది. సన్నటి గొంతు లావు గొంతు అవుతుంది. పాత గోడ ఫోను బోర్డులో అలాంటి బిళ్ల దొరికితే తెచ్చి అతికాను. ఎందుకు అతికానో అప్పుడు నాలో నేను కూడా అనుకోలేదు. పరీక్ష కోసమని ఇప్పుడు రాస్తున్నాను.

ఐలవ్వ చేతికి ఇచ్చాను. మొదటి బండ వచ్చింది. కూత ఇదివరకటి కంటే బాగా లావుగా ఉంది. ఆమె వేలు టక్కున కదిలింది. పడవ తప్పుకుంది. రెండో బండ, మూడో బండ. ఆరో మలుపు, ఏడో మలుపు.

“వచ్చింది” అంది. “ఇప్పుడు వచ్చింది ఓదెలు. ఏం జేసినవ్?”

“లోపల ఒకటి మార్చిన.”

ఆమె ఆడుతూనే ఉంది. బుగ్గలు పొంగి, చిన్నపిల్లలా పెదవి కొరుక్కుంటూ. స్పీకరులో లోపం లేదు, కెపాసిటర్లలో లేదు. ఐలవ్వకు సన్నటి శబ్దం వినబడటం లేదు.

మంచి బండ ఖంగుమంటుంది. ఆ ఖంగులో ఉండేదంతా సన్నటి శబ్దమే. అది తీసేస్తే ప్రతి బండా డొల్లగానే పలుకుతుంది.

సముద్రంలో కలిసినప్పుడు వచ్చే పాట వచ్చింది. ఆమె డబ్బాను కళ్లకద్దుకుని కొంగులో కట్టుకుంది. నేనేమీ చెప్పలేదు.

87వ రోజు

ఇవాళా చెప్పలేదు.

చెబితే ఆమెకు మిగిలేదేమిటి అని ఆలోచిస్తున్నాను. గ్యాలరీలో చూపులేని వాళ్లు ఇంకో ముగ్గురున్నారు. వాళ్లు రోజంతా పప్పు ఏరుతారు. ఐలవ్వ తాడు పట్టుకుని నడుస్తుంటే మాత్రం జనం లేచి దారిస్తారు.

ఇంకో మాట కూడా ఉంది. నా ఆలోచన తప్పయితే? ఆమె గీతలు నిజమై ఉండి, నా మాట విని జనం ఆ అర్రల్లోకి తిరిగి వెళ్లాక బండ పడితే? నేను యంత్రాలు బాగు చేసేవాణ్ణి. కప్పు సంగతి నాకేం తెలుసు? ఇలా ఒకదాని వెనక ఒకటి కారణాలు దొరుకుతూనే ఉన్నాయి. ఒళ్లు అలసిపోతే కారణాలు ఇంకా తేలిగ్గా దొరుకుతాయి.

88వ రోజు

ఇవాళ ఆరు గీతలు పడ్డాయి. ఒకటి పోశెట్టి తలుపు మీద. చాయ్ తాగడానికి వచ్చి, “మా అర్ర గూడ పాయె బావా” అన్నాడు. మూట ముల్లె సర్దలేక లింగవ్వ తల పట్టుకుందట. లింగవ్వ అతని భార్య, నన్ను అన్నా అని పిలుస్తుంది.

“ఎన్నిసార్లు తట్టింది?” అని అడిగాను.

“ఒక్కపారే. ఇదివరకు అనుమానముంటె మల్లొచ్చి సూసేది. ఇయ్యాల మస్తు ధీమ మీదున్నది.”

90వ రోజు

భూమేశ్ సారు అందరినీ వంటగది దగ్గర పోగు చేశాడు. చెడ్డవాడు కాదు. వారంగా నిద్రపోయినట్టు లేదు.

“గీతలు ఇరవై ఏడు. గుంజలు లేవు, జాగ లేదు, గాలి సరిపోతలేదు. మొదటి గ్యాలరోల్లను అడిగిన, వాల్లు నిండుగున్నరు. నాలుగు కుటుంబాలు పై షెడ్డుకు పోవాలె. జెర గట్టిగున్నోల్లను సూసి రాసిన. నన్ను తిట్టుకున్నా సరే.”

పై షెడ్డు అంటే తలుపు అవతల, నేల మీద. గోడలకు తడి గోనెలు కట్టి ఉంటాయి. లోపలే ఉండి గోనెలు ఆరకుండా చూసుకుంటే బతకొచ్చు. బయట నీడలో యాభై నాలుగు డిగ్రీలు.

మూడో పేరు పోశెట్టిది. పంపు పని తెలిసినవాడు, షెడ్డుకు నీళ్లు చూసుకోవాలి కదా అని.

ఐలవ్వ జనం ముందు వరుసలో నిలబడి ఉంది. ఆమె మొహం చూశాను. బాధపడుతోంది, కానీ తడబాటు లేదు. ఇప్పుడైనా నోరు విప్పుదామని రెండు అడుగులు వేశాను. అందరి ముందు ఎట్లా అనిపించింది. సారుతో విడిగా చెబుదామనుకున్నాను. ఆయన గదికి వెళితే గాలి గొట్టాల లెక్క చూస్తున్నాడు, మళ్లీ రమ్మన్నాడు. మళ్లీ వెళ్లలేదు.

92వ రోజు

పొద్దు గుంకాక పై తలుపు తీశారు. నాలుగు కుటుంబాలు వెళ్లాయి. పోశెట్టికి నా స్పానర్ల సంచి ఇచ్చాను.

“వానలకు తెచ్చిస్త బావా” అన్నాడు.

తలుపు సందులోంచి వచ్చిన గాలి మొహానికి పొయ్యి సెగలా తగిలింది.

95వ రోజు

ఐలవ్వ పొద్దునే వచ్చింది. కూర్చోలేదు.

“పాట నిదానమైంది ఓదెలు.”

నేను సోల్డరింగ్ పక్కన పెట్టాను.

“ముందుగాల నేను సముద్రం చేరినంక బువ్వ గంట కొట్టేది. ఇప్పుడు గంట కొట్టేటాలకు పన్నెండో మలుపుల్నే ఉంటున్న. నా వేళ్లు నిదానం కాలె, ఆటనే అయింది. ఏం మార్చినవ్ ఇండ్ల?”

చెప్పాను. బిళ్ల సంగతి, శబ్దాలన్నీ కిందికి దిగిన సంగతి.

“అంటే కూతను నా దాంక దించినవ్.”

“అవ్.”

“మరి స్పీకరుది తప్పు లేకుండె.”

“లేకుండె అవ్వా. టీచరమ్మకు ఇనబడ్డది. నాకు ఇనబడ్డది.”

అప్పుడు కూర్చుంది. బొత్తాలు ఒక్కొక్కటే తడిమింది.

“కప్పు కూతను గూడ దించుతవా మరి?” అంది.

నేను సోల్డరింగ్ కడ్డీ తీగ పీకేశాను.

“పోయిన వానలప్పుడే అనుమానమొచ్చింది” అంది ఐలవ్వ. “కర్రతోటి తడితే బండ మూగగ అన్నది. పాతయి, నాకు ఎరుకున్న మంచి బండలు గూడ. మంచిగున్నదని జెప్పి కూలితే ఎట్ల? అనుమానమున్నకాడల్ల గీత పెట్టుకుంట వచ్చిన. గీత పెడితే మనుషులు బతుకుతరు గద అనుకున్న. డబ్బా గూడ గట్లనే అయ్యేటాలకు నీ దగ్గరికి తెచ్చిన. నువ్వు బాగు జేస్తే ఇనబడాలె, ఇనబడితే నా చెవులు మంచిగున్నట్టే. అందుకే తెచ్చిన బిడ్డా. ఆట కోసం గాదు.”

“అవ్వా.”

“ఇనబడ్డది. ఇగ నాకేం గాలె అనుకున్న. రెండు రోజులకే ఆరు గీతలు పెట్టిన. ఒక్కదానికి గూడ రెండోపారి పోయి సూడలె.”

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“నీకెప్పుడు సమజైంది?” అని అడిగింది.

“బిళ్ల మార్చిన రోజే.”

ఐలవ్వ లేచి తాడు కోసం చెయ్యి చాపింది. దొరకలేదు. ఆమెకు తాడు దొరకకపోవడం నేనెప్పుడూ చూడలేదు. నా చెయ్యి ఇచ్చాను.

“సారు దగ్గరికి తోల్కపో” అంది.

భూమేశ్ సారు గదిలో ఆమే అంతా చెప్పింది. మధ్యలో నా పేరు ఎత్తలేదు. ఆమె ముగించాక, ఎనభై ఆరో రోజు నుంచి నాకు తెలుసని నేనే చెప్పాను. సారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి, బల్ల మీద ఉన్న కాగితాన్ని మా వైపు తిప్పాడు.

పై షెడ్డు నుంచి అరగంట కిందటే వచ్చిన కబురు. నిన్న మధ్యాహ్నం షెడ్డు పంపు ఆగిపోయింది, గోనెలు ఆరిపోసాగాయి. పోశెట్టి తల మీద తడిబట్ట వేసుకుని బయటికి వెళ్లాడు. పంపు నడిపించాడు. తిరిగి వస్తూ గడప దగ్గర పడిపోయాడు. సాయంత్రానికి ప్రాణం పోయింది.

సారు దాన్ని పైకి చదవలేదు. నేనే ఐలవ్వకు చెప్పాల్సి వచ్చింది.

96వ రోజు

ఇవాళ కప్పు మళ్లీ తట్టడం మొదలైంది. కర్ర ఐలవ్వదే, తట్టేది ఐలవ్వే. వినేది సునంద టీచరమ్మ. తట్టినచోటల్లా టీచరమ్మ ఏం విన్నదో చెబుతుంది, ఐలవ్వ ప్రశ్నలు వేస్తుంది. గిన్నె మోగినట్టున్నదా, కుండ మోగినట్టున్నదా? సప్పుడు తొందరగ సచ్చిపోయిందా, జెరసేపు నిలవడ్డదా? మూడు అర్రలకే మధ్యాహ్నమైంది. నేను దీపం పట్టుకున్నాను. అంతకంటే నేను చేసేదేమీ లేదు.

టీచరమ్మ మొదటి రోజు చాలా తప్పులు చేసింది. ఐలవ్వ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తప్పు చెప్పినప్పుడల్లా అదే చోట మళ్లీ తట్టింది.

99వ రోజు

అయిపోయింది. గీతలున్న అర్రలు ఇరవై ఏడు. నిజంగా చెడ్డవి ఎనిమిది. మంచి అర్రల్లో నిలబెట్టినవి తీసి పెడితే వాటికి గుంజలు సరిపోయాయి. పందొమ్మిది మంచివి.

పోశెట్టి అర్ర మంచిది. తట్టగానే మోగింది. నాకు కూడా తెలిసింది, ఫ్యాన్ల పక్కన పాడైన నా చెవులకు కూడా. టీచరమ్మ నోటితో చెప్పలేక తల ఊపింది. ఐలవ్వకు అది కనబడదు కదా. “ఏమన్నది?” అని రెండుసార్లు అడిగింది. నేనే చెప్పాను.

నడవలో పడుకునే ముసలాయన ఇవాళ తన అర్రకు వెళ్లిపోయాడు.

100వ రోజు

పై షెడ్డు నుంచి నాలుగు కుటుంబాలూ సాయంత్రం దిగి వచ్చాయి. పోశెట్టిని పైనే పూడ్చారు. లింగవ్వ చేతిలో నా స్పానర్ల సంచి ఉంది. నేరుగా తన అర్రకు వెళ్లింది.

101వ రోజు

పొద్దున ఐలవ్వ నా గదికి వచ్చింది. చేతిలో కర్ర లేదు, దాన్ని టీచరమ్మకు ఇచ్చేసింది. ఇక ముందు తట్టేది కూడా టీచరమ్మే, ఈమె పక్కన నడుస్తుంది. భూమేశ్ సారు అలా నిర్ణయించాడు.

“లింగవ్వ కాడికి పోవాలె. నువ్వు గూడ రా” అంది.

లింగవ్వ తలుపు దగ్గర కూర్చుని ఎర్ర గీతను తడిగుడ్డతో రుద్దుతోంది. సగం చెరిగింది. మమ్మల్ని చూసి ఆగలేదు.

ఐలవ్వ నిలబడే చెప్పింది. తన చెవులు పోయిన సంగతి, అర్ర మంచిదేనన్న సంగతి. మాటలు చుట్టూ తిప్పలేదు. కాళ్లు పట్టుకోబోతే లింగవ్వ వెనక్కి జరిగింది.

“నీ చెవులు పోయినయని నీకెప్పుడెరుక?” అని అడిగింది.

“వానలప్పటిసంది అనుమానం. ఎరుకైంది మాత్రం ఆయన పోయిన తెల్లారి.”

లింగవ్వ గుడ్డను మళ్లీ బకెట్లో ముంచి పిండింది. తర్వాత నా వైపు తిరిగింది.

“నీకెప్పుడెరుక అన్నా?”

“ఎనభై ఆరో రోజు.”

ఆమె పెదవులు కదిలాయి. రోజులు లెక్క పెట్టుకుంటోందని అర్థమైంది.

“అప్పటికి మా తలుపుకు గీత పడలే గద” అంది.

“పడలె.”

ఏమైనా అంటుందని నిలబడ్డాను. తిడుతుందని, గుడ్డ విసిరి కొడుతుందని. గుడ్డను బకెట్లో వేసింది. లోపలి నుంచి స్పానర్ల సంచి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. బకెట్ తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. సగం చెరిగిన గీత మా ముందు ఉండిపోయింది.

ఐలవ్వ నా భుజం తడిమి పట్టుకుంది. తల కొంచెం పక్కకు వంచి, తలుపు వైపు చెవి పెట్టి నిలబడింది.

“ఏం జేస్తున్నది?” అని అడిగింది.

లోపల లింగవ్వ సన్నటి గొంతుతో ఏడుస్తోంది. ఐలవ్వకు అందని గొంతు అది. ఏం చేయడం లేదని చెప్పి ఆమెను అక్కడి నుంచి నడిపించుకుపోవడం తేలికే.

“ఏడుస్తున్నది అవ్వా” అన్నాను.